తిత్లీకి నిలబడ్డ చెట్లు: ఇరవై సెంట్ల తోట డైరీ

ఏప్రిల్ 27

పొద్దున్నే చీటీ, పెన్ను పట్టుకుని పెరట్లో లెక్క తీశాను. కిందటేడు వానాకాలంలో నాటినవి ముప్పై ఒక్క మొక్కలు. ఇప్పుడు పచ్చగా కనిపిస్తున్నవి తొమ్మిది. అందులో మూడు మేం నాటినవి కూడా కావు. వేప, కానుగ, తాటి, వాటంతటవే మొలిచాయి. వాటికి ఎవరమూ చెంబుడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు.

స్థలం ఇరవై సెంట్లు. సోంపేట నుంచి బారువ వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉంటుంది, సముద్రానికి రెండు కిలోమీటర్లు. మామగారి రోజుల్లో అది జీడితోట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి తోటంతా పడుకోబెట్టేసింది. తరవాత కొన్నేళ్ళు ఆ స్థలం వైపు చూడబుద్ధి కాలేదు. ఇల్లు కట్టుకున్నాక చుట్టూ ఏదో ఒకటి పచ్చగా ఉండాలనిపించి, కడియం నుంచి మొక్కల లారీ దిగిన రోజున నర్సరీకి వెళ్ళి కళ్ళకి నచ్చినవన్నీ ఆటోలో వేసుకొచ్చాం. ఫాక్స్‌టెయిల్ పామ్, రంగురంగుల క్రోటన్లు, బంతిలా గుండ్రంగా కత్తిరించిన ఫైకస్, పరుచుకోవడానికి మెక్సికన్ గడ్డి. బిల్లు 6,400 రూపాయలు. అన్నిటికంటే ముందు పోయింది గడ్డి. రోజూ రెండుపూటలా తడిపితే తప్ప బతకనంది. స్కూలుకి వెళ్ళేదాన్ని, రెండుపూటలా ఎక్కడ కుదురుతుంది?

"ఇసకలో ఏటి బతుకుద్దో ఇసకనే అడగాల గానీ, లారీవోడినడిగితే ఏటి సెప్తాడు" అంది అత్త. ఆ మాట కిందటేడే అని ఉంటే 6,400 మిగిలేవి. అడిగితే, "నువ్వు నన్నడిగావేటి?" అంది. నిజమే, అడగలేదు.

ఈసారి జాబితా తయారయ్యేదాకా నర్సరీ గుమ్మం తొక్కకూడదని నిర్ణయం.

మే 4

మట్టి సంగతి. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి బకెట్టుతో నీళ్ళు నింపాను. మొదట పోసినవి ఎటు పోయాయో కూడా తెలియలేదు. రెండోసారి నింపి ఫోన్లో టైమ్ పెట్టాను. పదకొండు నిమిషాల్లో గొయ్యి అడుగు కనిపించింది. బొబ్బిలి దగ్గరున్న మా అక్కకి ఫోన్ చేసి అదే పని చెయ్యమన్నాను. వాళ్ళది ఎర్రనేల, కింద బంక. రాత్రి పోసిన నీళ్ళు పొద్దున్నకి సగం అలాగే ఉన్నాయట. రెండూ ఉత్తరాంధ్రే. అయినా అక్క పెరట్లో కళకళలాడే మొక్క నా దగ్గర ఎందుకు చచ్చిపోయిందో ఇప్పుడు అర్థమైంది. మా ప్రాంతంలో ఏ మొక్కలు బాగుంటాయని జిల్లా పేరు చెప్పి అడిగితే సరిపోదు, నేల పేరు చెప్పి అడగాలి.

సీసా పరీక్ష కూడా చేశాను. గాజుసీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు సబ్బుపొడి వేసి బాగా కుదిపి కిటికీలో పెట్టాను. నిమిషం తిరక్కుండా ఇసుక అడుక్కి దిగిపోయింది. మర్నాటికి దాని మీద ఒండ్రు పొర గోరు మందం, అంతే.

నుయ్యి నీళ్ళు ఈ నెలలో నాలిక మీద ఉప్పగా తగులుతున్నాయి. వాటర్ ప్లాంట్ కుర్రాడి దగ్గర నీళ్ళలో లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు అడిగి తెచ్చి ముంచితే 900 దాటి చూపించింది. ఇంకోటి గమనించాను. బతికున్న క్రోటన్ ఆకుల అంచులు మాడాయి గానీ తూర్పు వైపువి మాత్రమే. పడమటి ఆకులు బాగున్నాయి. నీళ్ళు చాలక అయితే చెట్టు చుట్టూ ఒకేలా వాడాలి కదా. ఇది ఉప్పుగాలి పని. మొక్కకి రెండు వైపుల నుంచీ ఉప్పే, కింద నుయ్యి, పక్కన సముద్రం.

మే 12

పక్కింటి తాతని తీసుకుని సముద్రం దాకా నడిచాను. తాత నలభై ఏళ్ళు కొబ్బరికాయలు దింపిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పితో చెట్టు ఎక్కడు, కింద నిలబడి ఎక్కేవాళ్ళని తిడతాడు. ఈ దారిలో ఏ చెట్టు ఎవరిదో, ఎప్పుడు నాటారో, ఏ గాలికి ఏ కొమ్మ పోయిందో చెబుతాడు.

"ఇదేటి తల్లీ, సెట్లకి జనాభా లెక్కలా?" అన్నాడు నా నోటుబుక్కు చూసి.

దాదాపు అంతే. తిత్లీకి ముందు నుంచీ ఉన్న చెట్లు మాత్రమే రాయాలనుకున్నాం. ప్రతి చెట్టు దగ్గరా మూడు ప్రశ్నలు: ఆ గాలికి దీనికేమైంది, వేసవిలో దీనికి నీళ్ళు ఎవరు పోస్తారు, మేకలు తింటాయా. ఆ రోజు తీరం దాటినప్పుడు గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల వేగం, దెబ్బలుగా 165 దాకా వచ్చింది. ఆ పరీక్ష పాసైన చెట్టుకి నేను కొత్తగా పెట్టగలిగే పరీక్ష ఏముంటుంది?

తాటి ఒక్కటీ పడలేదు. "తాటి సావాలంటే పిడుగు పడాల" అన్నాడు తాత. కొబ్బరి సంగతి వేరు, జిల్లాలో లక్షల్లో పోయాయి. తాత చూపించిన చోట ముసలి చెట్లకి మొవ్వు మెలితిరిగి విరిగితే, లేతవి ఊగి నిలబడ్డాయట. జీడి వరసలకి వరసలు వేళ్ళతో లేచిపోయింది. గొడుగు తెరిచి గాలికి ఎదురెళ్ళినట్టు ఉంటుంది దాని ఆకారం, పట్టు చూస్తే ఇసుకలో. సరుగుడు నడుం దగ్గర పుటుక్కుమంది. మునగ గురించి చెప్పనక్కర్లేదు, అది ఉత్తి రోజున కూడా విరుగుతుంది. కాకపోతే విరిగిన కొమ్మనే గుచ్చితే మళ్ళీ చెట్టవుతుంది కాబట్టి దాన్ని ఎవరూ ఏమీ అనరు. వేప ఒంటరిగా ఉన్నచోట విరిగింది, గుంపులో ఉన్నచోట నిలిచింది. కానుగకీ గంగరావికీ కొమ్మలన్నీ పోయి మోడులు మిగిలాయి. నాలుగు వానలు పడేసరికి మోడు నిండా చిగుళ్ళు.

ఒడ్డుకి దగ్గర్లో చిన్న గుడి, దాని వెనక అయిదు పొన్నచెట్లు. నేను చాలాసార్లు ఆ నీడలో కూర్చున్నాను గానీ చెట్టు పేరు ఎప్పుడూ అడగలేదు. దళసరి ఆకు, నూనె రాసినట్టు మెరుస్తుంది. ఉప్పుగాలి తగిలినా అంచు మాడలేదు. తెల్ల పువ్వు మధ్యలో పసుపు కేసరాలు, మంచి వాసన. తిత్లీకి తలలు కోసేసినట్టయ్యాయట గానీ ఒక్క మానూ కదల్లేదు. వెనకటికి పొన్నగింజల నూనెతో దీపాలు పెట్టేవారని, పొన్న కర్ర పడవలకి వాడేవారని తాత చెప్పాడు. చెట్టు కింద రాలిన కాయలు ఇరవై నాలుగు ఏరి కొంగులో కట్టుకున్నాను.

ఇంకా ముందుకి వెళ్తే మొగలిపొదలు. వాటికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోగా, ఆ గాలి తోసుకొచ్చిన ఇసుకంతా వాటి వేళ్ళ దగ్గరే గుట్టపడి ఆగింది. పక్కనున్న గంజాం జిల్లాలో ఈ పువ్వే అత్తరుకి పోతుంది, ఇక్కడ మాత్రం దడికి మించి ఎవరూ చూడరు. మొగలి దాటాక ఇసుక మీద రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డి, దాని మధ్య ఊదాపూల తీగ. దాని ఆకు అచ్చం మేక గిట్టే. నీళ్ళు పోసేవాడు లేడు, ఎరువు వేసేవాడు లేడు. తిరిగొస్తూ చూస్తే నోటుబుక్కులో పదకొండు పేర్లున్నాయి. వాటిలో ఒక్కటి కూడా కిందటేడు నా నర్సరీ బిల్లులో లేదు.

మే 26, రోహిణి కార్తె

మా ఆయన విశాఖ నుంచి శనివారం వచ్చి, జాబితా చూసి ఒక ప్రశ్న వేశారు. "అన్నీ మన నేల మొక్కలే అంటున్నావు కదా, మరి జీడి మనదా?"

కాదు. బ్రెజిల్ నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. సీతాఫలం, జామ, బొప్పాయి, పచ్చిమిరప, టమాటా, గుమ్మానికి కట్టే బంతి, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పలాస అనగానే జీడిపప్పు గుర్తొచ్చే జిల్లాలో కూర్చుని జీడి పరాయిదంటే అత్త నాకు ఆ పూట అన్నం పెట్టదు. కాబట్టి పుట్టిల్లు ఎక్కడ అన్నదొక్కటే కొలత అనుకోవద్దన్నాను. వచ్చినవాళ్ళు మన నీళ్ళతో, మన వానతో సర్దుకుని, పక్కవాళ్ళని తొక్కకుండా ఉంటున్నారా అన్నది చూద్దాం. జీడి సర్దుకుంది. లాంటానా, వయ్యారిభామ, సర్కారు తుమ్మ మాత్రం ఎక్కడ కాలుపెడితే అక్కడ ఇంకోటి మొలవనివ్వవు.

సరుగుడు దగ్గర ఇద్దరం తేల్చుకోలేకపోయాం. తీరంలో గాలిని ఆపుతుంది, మూడునాలుగేళ్ళలో గుంజలకి డబ్బు వస్తుంది. కానీ కింద దాని సూదుల్లాంటి ఆకులు పరుచుకుని గడ్డిపరక కూడా లేవదు. బారువ ఇసుకలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ళకి కూడా, అలలకి మరీ దగ్గరగా వేసిన సరుగుడు అడ్డమే. పొలం ఉన్నవాళ్ళు వేసుకోవచ్చు. ఇరవై సెంట్లలో వద్దనుకున్నాను.

కోనోకార్పస్ గురించి చర్చే లేదు. కొత్త లేఅవుట్ల గోడల వెంబడి ఎక్కడ చూసినా అదే, రెండేళ్ళకే పచ్చటి గోడ. దాని మీద సీతాకోకచిలుక వాలగా నేను చూడలేదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది కూడా.

ఆయన వేసిన రెండో ప్రశ్న నన్ను ఆపింది. "అయితే ఏడాకుల పాల వేద్దామా? అది మనదే కదా." ముమ్మాటికీ మన చెట్టే. కానీ 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక విశాఖలో దాన్ని వీధుల వెంట విరివిగా నాటారు. అక్టోబరు, నవంబరు నెలల్లో అన్నీ ఒక్కసారి పూసేసరికి ఆ ఘాటుకి తలనొప్పి, ఊపిరాడటం లేదని జనం గోల. ఆయన ఉండే వీధిలోనే రాత్రిపూట కిటికీలు మూసుకుంటారట. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండే చెట్టుని వీధంతా వరసకట్టి నాటితే తప్పు చెట్టుదంటామా? మా పడకగది కిటికీకి తూర్పుగాలి సూటిగా వస్తుంది. కొట్టేశాను.

రాత్రికి జాబితా ఇలా తేలింది. బయట దడికి వావిలి, అడ్డసరం, వాక్కాయ. తూర్పు మూలన మొగలి. దాని వెనక పొన్న, గంగరావి, కానుగ, ఎత్తులు మెట్లుమెట్లుగా వచ్చేలా. ఇంటికి పడమర నేరేడు, రేల, వేప. గుమ్మం దగ్గర నందివర్ధనం, పారిజాతం, మందార, కరివేపాకు. వంటింటి నీళ్ళు పోయే చోట అరటి, చేమ. గోడ కడదామన్న ఆలోచన మానుకున్నాం. గట్టి గోడని కొట్టిన గాలి దాని మీద నుంచి దూకి వెనకాల సుడి తిరుగుతుంది. తిత్లీ రోజున మా వీధిలో మొదట పడ్డవి ప్రహరీలే. సందులున్న దడి అయితే గాలి వేగం తగ్గి లోపలికి వస్తుంది.

మొగలి అనగానే అత్త "పాములు సేరతాయి" అని లేచింది. ఇంటికి, దారికి దూరంగా మూలనే వేస్తానని, రెండు పొదలకి మించనని మాటిచ్చాక కూర్చుంది.

జూన్ 9

నిన్న మృగశిర. గోతుల పని మొదలైంది. ఇద్దరు కూలీలు, రెండు రోజులు. గొయ్యి అడుగున కొబ్బరి డొక్కలు రెండు వరసలు, బోర్లా కాదు, వెల్లకిలా. ఒక్కో డొక్క చిన్న గిన్నెలా నీళ్ళు పట్టుకుంటుంది. ఉద్దానంలో కొబ్బరి పెట్టేవాళ్ళకి ఇది తాతల నాటి పని, నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. డొక్క పూర్తిగా చివకడానికి అయిదారేళ్ళు పడుతుంది. అప్పటికి వేరు తన దారి తాను చూసుకుంటుంది. పైన చెరువు మట్టి, మాగిన గెత్తం (పశువుల ఎరువు), తవ్విన ఇసుక కలిపి పూడ్చాం. చెరువు మట్టి ట్రాక్టరు 1,500. ఈ మొత్తం ప్రాజెక్టులో నేను పెట్టిన మంచి ఖర్చు ఇదే.

గోతిలో మళ్ళీ నీళ్ళు పోసి టైమ్ చూశాను. పదకొండు నిమిషాలు కాస్తా యాభై దాటింది.

జూన్ 23

పొన్నకాయల కథ. తెచ్చిన రోజే ఇరవై నాలుగూ పొట్టు తీసేశాను. లోపల చెక్కలాంటి పెంకు. పన్నెండిటిని సుత్తితో చాలా మెల్లగా, లోపలి పప్పు నలగకుండా చిట్లగొట్టాను. తక్కినవి అలాగే ఉంచాను. పాలకవర్లలో వేరువేరుగా నాటి గుర్తులు పెట్టాను. చిట్లగొట్టినవి నాలుగో వారానికి మొలకెత్తడం మొదలుపెట్టి ఇప్పటికి తొమ్మిది లేచాయి. పెంకుతో పెట్టినవాటిలో ఒక్కటీ లేవలేదు. అత్త రోజూ వెళ్ళి మట్టి గీకి చూస్తోంది, వద్దంటే వినదు.

రేల గింజలకి కూడా పై తోలు గట్టిదే. ఒక కొసన గోళ్ళకత్తెరతో చిన్న గాటు పెట్టి రాత్రి నానబెట్టాను. కానుగకి ఈ తిప్పలేవీ లేవు. కాయ ఒలిచి పడేస్తే రెండు వారాల్లో మొక్క. పైగా పప్పుజాతి, గాలిలోని నత్రజనిని వేళ్ళలోకి దింపుకుంటుంది. ఇసుకలో ఎరువు లేని లోటు కొంత అదే పూడుస్తుంది.

జూలై 14

దడి అయింది. చెరువుగట్టు మీద వావిలి కొమ్మలు, ఊరి చివర అడ్డసరం కొమ్మలు కోసుకొచ్చి, జానెడు ముక్కలు చేసి, అడుగు ఎడంలో రెండు వరసలు, ఒకదానికి ఒకటి ఎదురు రాకుండా గుచ్చాం. నూట నలభై ముక్కలు. ఖర్చు సున్నా. నేనూ తాతా అత్తా కలిసి మూడు సాయంత్రాల పని. తాత గుచ్చిన వరస సూటిగా ఉంది, నాది పాము పోయినట్టుంది.

మర్నాడే మేకలు వచ్చాయి. నాకు టెన్షన్. తాత నా చెయ్యి పట్టుకుని ఆపాడు, "ఒగ్గీ, సూద్దాం." మేక ఒకటి అడ్డసరం ఆకు కొరికి, నమిలి, మొహం తిప్పుకుంది. వావిలి వాసన చూసి వదిలేసింది. తరవాత తిన్నగా లోపలికి వచ్చి నా గంగరావి చిగుళ్ళు, మందార మొత్తం మేసి వెళ్ళింది. దడి ఎదిగేదాకా గంగరావికి తాటిమట్టల గూడు కట్టాలి. మందార మళ్ళీ కొమ్మ గుచ్చాను, ఈసారి గుమ్మం పక్కన. రేకమందారమే పెట్టాను, ముద్దమందారం కాదు. ముద్దపువ్వు చూడటానికి నిండుగా ఉంటుంది గానీ తేనెపిట్టకీ, తేనెటీగకీ మూతి పెట్టడానికి సందు ఉండదు. నందివర్ధనంలోనూ అంతే, రేకదే తెచ్చాను.

తెలుకుంచిలో చెల్లెలు ఫోన్ చేసింది, కొంగలు వచ్చేశాయట. వానలతో పాటు వచ్చి పొలాల్లో నత్తలు తింటాయి. ఆ ఊరివాళ్ళు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు.

ఆగస్టు 10

తప్పు నాదే. మొక్కల మొదళ్ళలో తేమ నిలవాలని ఎండు డొక్కలూ జీడాకులూ కాండానికి ఆనేలా కప్పేశాను. వారం వానలేదు, చెదలు పట్టింది. నేరేడు ఒకటి పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది, లోపల కాండం లేదు, మట్టి గొట్టం ఉంది. ఇక నుంచి కప్పేది ఏదైనా కాండానికి జానెడు దూరంలో, డొక్కలైతే ఒక రాత్రి నానబెట్టాకే. మొదళ్ళలో వేపపిండి వేశాను, 640 రూపాయలు.

కరివేపాకు మీద పురుగులు. మొదట పిట్టరెట్ట అనుకున్నాను. రెండు రోజులకి రెట్ట నడుస్తోంది. నాలుగు రోజులకి పచ్చగా, లావుగా అయ్యి రెమ్మకి రెమ్మ మేసేస్తోంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తీసి ఘాటు వాసన వదిలింది. నిమ్మ, కరివేపాకు లాంటి మొక్కల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల పిల్లలివి. అత్త వేపకషాయం కాచి సిద్ధంగా ఉంది. పెద్ద గొడవే అయింది. చివరికి ఇంకో కరివేపాకు మొక్క పెట్టేలా ఒప్పందం: గుమ్మం పక్కది అత్తది, దడి పక్కది వాటిది. గుమ్మం మొక్క మీద కనిపించిన పురుగుల్ని అత్తే ఆకుతో పట్టి తీసుకెళ్ళి దడి పక్కన వదులుతోంది. తిడుతూనే.

దడిలో ఈశ్వరి తీగ ఒకటి పెట్టాను. ఎర్ర ఒంటి నల్ల సీతాకోకచిలుకలకి అదీ, దాని జాతి మొక్కలూ తప్ప వేరే పురిటిల్లు లేదు.

సెప్టెంబరు 3

నియమం తప్పాను, నర్సరీకి వెళ్ళాను. పాలకవర్లలో పొన్న మరీ చిన్నగా ఉన్నాయని, ఒక్కటైనా ఎత్తుది దొరుకుతుందేమోనని. "పొన్నేనండీ, గ్యారంటీ" అని ఒకటి చేతిలో పెట్టారు. పక్కన సంపెంగ కూడా ముద్దొచ్చింది. రెండూ కలిపి 300. ఇంటికొచ్చి మా పిల్ల మొక్కల పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. పొన్న ఆకులో ఈనెలు నడిమి ఈనె నుంచి దువ్వెన పళ్ళలా దగ్గరదగ్గరగా, సూటిగా అంచు దాకా వెళ్తాయి. ఇది అలా లేదు, అంచులు అలలు తిరిగి ఉన్నాయి. తాత చూసి నవ్వాడు. "ఇది పొగడ తల్లీ. పేరులో ఒక్కక్షరమే కలిసింది." మంచి చెట్టే, తిరిగివ్వలేదు. పడమర పెట్టాను.

పెంకుతో నాటిన పొన్నగింజలు ఇప్పటికి ఏడు లేచాయి. అంటే పెంకు చిట్లగొట్టకపోయినా వస్తాయి, ఓపిక ఉంటే.

వాక్కాయలు పండాయి. పప్పులో వేసుకుని, గింజలు అప్పటికప్పుడే నాటాను. ఆరబెట్టి దాచుకుంటే మొలవవు.

అక్టోబరు 12

నిన్నటికి తిత్లీ తిథి అంటుంది అత్త. ఊళ్ళో ఆ తారీఖు ఎవరూ మర్చిపోరు. చిత్త కార్తె వచ్చిందంటే ఆకాశం వైపు చూడటం అందరికీ అలవాటైపోయింది. ఈసారి అల్పపీడనం, రెండు రోజులు గట్టి గాలి, అంతే.

మునగ విరిగింది. కిందటి నెల నేలలో పెట్టిన ఆరు పొన్నల్లో రెండిటికి కర్ర ఊతం పెట్టి బిగించి కట్టాను, ఒకటి సరిగ్గా కట్టు దగ్గరే విరిగింది. కట్టనివి ఊగి ఊగి నిలబడ్డాయి. రెండోదానికి కట్టు వదులు చేసి ఎనిమిది అంకెలా తిప్పాను. మొక్క ఊగుతుంటేనే కాండం బలుస్తుంది. ఆ సంగతి చదివి ఉన్నాను, అయినా కట్టాను.

జనవరి 20

పండగ హడావుడిలో పదిరోజులు తోటని పట్టించుకోలేదు. ఏమీ కాలేదు. అదే రాయాల్సిన సంగతి.

కుమ్మరి దగ్గర పన్నెండు కుండలు కొన్నాను, ఒక్కోటి 60. మొక్కకి మూరెడు దూరంలో మెడ దాకా పాతి, నీళ్ళు నింపి, మూకుడు మూత. కుండ చెమర్చినంతే మొక్క తాగుతుంది. నాలుగు రోజులకి ఒకసారి నింపితే చాలుతోంది. పైన పోసిన నీళ్ళు ఈ ఇసుకలో ఎటు పోతాయో మేలోనే చూశాను కదా.

నందివర్ధనం మీద వేలంత పచ్చ పురుగు, తల దగ్గర నీలం కళ్ళలాంటి రెండు మచ్చలు. అత్త కేక వేసి పిలిచింది. చిమ్మట పిల్ల, ఏమీ చెయ్యదని చెప్పాను. దూరం నుంచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 27

సంవత్సరం. మళ్ళీ చీటీ, పెన్ను.

చెట్లూ పొదలూ కలిపి ఇరవై ఆరు నాటాం, ఇరవై ఒకటి ఉన్నాయి. దడి ముక్కలు నూట నలభైలో తొంభై ఏడు. పోయినవి: చెదలకి నేరేడు, నా కట్టుకి పొన్న. పారిజాతాన్ని తూర్పు వైపు పెట్టడం నా తొందరపాటు, ఉప్పుగాలికి మాడింది. ఈసారి ఇంటి చాటున. నూరు వరహాలు ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, మెల్లగా పోయింది. గుల్లలు కలిసిన ఇసుకలో సున్నం ఎక్కువ, దానికి పుల్లటి నేల కావాలి. ఇక్కడ మళ్ళీ పెట్టను, బొబ్బిలి అక్కకి చెప్పాను పెట్టుకోమని. సంపెంగ ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

ఖర్చు: చెరువు మట్టి 1,500, కూలీ 1,400, కుండలు 720, వేపపిండి 640, నర్సరీ 300. మొత్తం 4,560. డొక్కలు, గెత్తం ఇంటివే.

కానుగ నిండా పువ్వు, పొద్దున్న చెట్టు కింద నిలబడితే తేనెటీగల రొద. కానుగ ఆకు మీద బుడిపెలు వచ్చాయి, చూడటానికి బాగోవు. అవి ఏదో చిన్న పురుగు పని, చెట్టుకేం కాదు. మందు కొట్టమని సలహా ఇచ్చినవాళ్ళకి నవ్వి ఊరుకున్నాను.

మే 27

నీళ్ళు తగ్గించి చూస్తున్నాను. కుండలు వారానికి ఒకసారే. గంగరావి, కానుగ, వావిలి పట్టించుకోలేదు. రేల ఆకు రాల్చింది, అది దాని అలవాటు. పొగడ వాడింది, దానికి మళ్ళీ నాలుగు రోజులకి మార్చాను.

పాలకవర్లలో పది పొన్నలు మిగిలాయి. సాయంత్రం తాత వచ్చి గట్టు మీద కూర్చుని వాటినే చూస్తున్నాడు. గుడి వెనక అయిదు చెట్లలో ఒకటి చెదలు పట్టి ఎండిపోతోందట, పక్కన పిల్ల మొక్క ఉంటే బాగుంటుందన్నాడు.

"మేకలు?" అన్నాను.

"తాటిమట్టలు కడతాను. నీళ్ళు ఆ గుడి పంతులు పోస్తాడు, పొయ్యకపోతే నానెల్లి అడుగుతాను."

నాలుగు ఎత్తి గంపలో పెట్టుకున్నాడు. కట్టుకర్ర వద్దని చెప్పబోయాను. "తెలుసు తల్లీ, వదులుగా" అన్నాడు. మిగిలిన ఆరు నీడలో ఉన్నాయి. మృగశిరకి పన్నెండు రోజులుంది. పారిజాతానికి కొత్త గొయ్యి ఇంటి చాటున రేపు తియ్యాలి. డొక్కలు ఇప్పుడే నీళ్ళలో వేశాను.